క్రీడాఛాయాచిత్రణము – శిక్షణగ్రంథములు: శంషాబాదు ప్రాంతము నాధారముగ ఒక పరిశీలనము

హైదరాబాదు నగరమునకు దక్షిణమున, బెంగుళూరు పోవు రాజమార్గముపై, శంషాబాదు కలదు. పైగా ప్రభువులు తరతరములుగ ధరించిన శంసుల్ ఉమ్రా అను బిరుదము మీదుగ ఈ యూరికి ఆ పేరు వచ్చినదని ప్రసిద్ధి. నేడు ఆ పేరు వినగనే లోకులకు స్ఫురించునది విమానాశ్రయము. సుమారు 5,500 ఎకరముల నేలపై నిర్మింపబడి, 2008 మార్చి 23 నుండి రాకపోకలు సాగుచున్న ఆ విమానాశ్రయముననే, 2016 ఆగష్టు 22వ తేదీన, రియో ఒలింపిక్ క్రీడలలో రజతపతకము గెలిచిన పి.వి. సింధు దిగెను. గచ్చిబౌలి క్రీడాప్రాంగణము వరకు ఆమెను ఊరేగించి తీసికొనిపోయిరి. ఆనాడు తీయబడిన ఛాయాచిత్రములకు లెక్క లేదు. కాని ఆ విమానాశ్రయము చుట్టునున్న పల్లెలలో నూరేండ్లక్రిందట చెడుగుడు ఆడినవారి చిత్రమొక్కటి చూపుడన్నచో చూపగలవారు అరుదు. ఆట లేకపోవుటచేత చిత్రము లేకపోలేదు. ఆట ఉన్నది, ఆటగాండ్రున్నారు, చూచువారున్నారు. చిత్రించు విద్య మాత్రము వారి చేతికి రాలేదు.

ఈ లోపమునకు సాధారణముగ చెప్పెడు సమాధానము పేదరికము. కెమెరా ధనవంతుల వస్తువు, కావున ధనవంతుల ఆటలే చిత్రింపబడినవి అందురు. ఇది సత్యమే కాని సగము సత్యము. కెమెరాతో పాటు దానిని నడపు శాస్త్రము కూడ కావలెను. ఆ శాస్త్రము గ్రంథములలో ఉండెను, గ్రంథములు పరభాషలో ఉండెను. కదలుచున్న వస్తువును చిత్రించు విద్యను గ్రంథములు ఏయే కాలమున ఎంతవరకు నేర్పగలిగినవి, ఎక్కడ మౌనము వహించినవి, ఆ విద్య మన నేలపై ఎవరికి అందినది, ఎవరికి అందలేదు అను విషయములను శంషాబాదు ప్రాంతము నాధారముగ జేసికొని పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

శంసుల్ ఉమ్రా గ్రంథశాల

ఊరి పేరుతోనే చర్చ నారంభించుట అప్రస్తుతము కాదు. శంసుల్ ఉమ్రా బిరుదాంకితులలో నవాబు ఫఖ్రుద్దీన్ ఖాన్ అను ప్రభువు 19వ శతాబ్ది పూర్వార్ధమున శాస్త్రవిద్యపై మిక్కిలి యభిరుచి కలవాడై, పాశ్చాత్య శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి అనువదింపజేసి, తన స్వంత శిలాముద్రణాలయమున అచ్చొత్తించెను. ఆ గ్రంథములలో ‘సిత్తయె శంసియా’ అను షట్ప్రకరణ సంపుటి ప్రసిద్ధము. యంత్రశాస్త్రము, ఖగోళము, జలశాస్త్రము, వాయుశాస్త్రము, విద్యుచ్ఛాస్త్రములతో పాటు దృష్టిశాస్త్రము, అనగా కాంతిని, కటకములను గూర్చిన శాస్త్రము, అందొక భాగము. ఫ్రాన్సు దేశమున డాగెర్ తన ఛాయాచిత్ర విధానమును లోకమునకు వెల్లడించినది 1839లో. అనగా ఐరోపాలో ఛాయాచిత్రకళ పుట్టుచున్న తరుణముననే, ఆ కళకు మూలమైన కటకశాస్త్రమును దేశభాషలో చదువుకొనుటకు హైదరాబాదున ఒక మార్గ మేర్పడినదన్నమాట.

ఈ విషయమున రెండంశములు గమనింపదగియున్నవి. శాస్త్రమును పరభాషలో నుంచరాదు, నేర్చువాని భాషలోనికి తేవలెనను బుద్ధి ఈ నేలకు క్రొత్తది కాదనుట ఒకటి. ఆ ‘నేర్చువాడు’ ఎవడను ప్రశ్నకు ఆనాటి సమాధానము ఉర్దూ చదివిన నాగరికుడే కాని, తెలుగు మాటలాడు గ్రామీణుడు కాడనుట రెండవది. ఆ పేరు మోసిన యూరిలో ప్రజల నోట నున్న భాష తెలుగు. ఆ భాషలో కటకమును గూర్చిన గ్రంథము వచ్చుటకు చాలకాలము పట్టెను.

తడి పలక, పొడి పలక

తొలినాటి ఛాయాచిత్రకారునకు ఆటను చిత్రించు ఊహయే పుట్టదు. 1851లో వెలువడిన కొలోడియను పద్ధతిలో గాజుపలకకు జిగటద్రవము పూసి, రజతలవణ ద్రావణమున ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రము తీసి, వెంటనే చీకటిగుడారమున కడుగవలెను. దక్కను ఎండలో ఆ తడి ఎంతసేపు నిలుచునో చెప్పనక్కరలేదు. పైగా సామాన్యమైన వెలుతురులో చిత్రము పడుటకు కొన్ని సెకండులు పట్టును. అంతసేపు పరుగెత్తువాడు నిలువడు. కావున ఆనాటి శిక్షణగ్రంథములు ముఖ్యముగ పాకశాస్త్రముల వంటివి. ఏ లవణమెంత, ఏ ద్రావణమెంత, ఎంతసేపు ముంచవలెను అనునదే వాని విషయము. 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తా, మద్రాసులలోను ఏర్పడిన ఛాయాచిత్రణ సంఘముల చర్చలన్నియు ఆంగ్లమున నడచినవి. ఇంగ్లండున చాథం సైనిక ఇంజనీరు విద్యాలయమున బోధకుడైన ఆబ్నీ రచించిన ‘ఇన్‌స్ట్రక్షన్ ఇన్ ఫోటోగ్రఫీ’ వంటి గ్రంథములు ఇంజనీరుల కొరకు పుట్టినవి. వానిని చదువుటకు భాషయే గాక రసాయనశాస్త్రము కూడ రావలెను.

చలనమును పట్టుట సాధ్యమేనని లోకమునకు చూపినవాడు మైబ్రిడ్జ్. 1878 జూన్ మాసమున కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పరుగెత్తు గుఱ్ఱము దారివెంట 12 కెమెరాలు వరుసగ నిలిపి, గుఱ్ఱము తగిలిన దారము షట్టరును విడుచునట్లు ఏర్పరచి, ఒక్కొక్క అడుగును వేర్వేరుగ చిత్రించెను. నాలుగు కాళ్లును నేలవిడుచు క్షణమొకటి కలదనియు, అది చిత్రకారులు వ్రాయు భంగిమలో గాక కాళ్లు పొట్టక్రింద ముడుచుకొన్నపుడనియు తేలెను. కంటికందని క్షణమును కెమెరా పట్టగలదని రుజువైన రోజది.

ఇంచుమించుగ అదే కాలమున పలకయు మారెను. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ అను ఆంగ్లవైద్యుడు జెలటిను పూతగల పొడి పలకను గూర్చి ప్రకటించెను. ఆ జెలటిను మిశ్రమమును కొన్ని దినములు వెచ్చగ నుంచినచో కాంతిగ్రహణశక్తి ఎన్నో రెట్లు పెరుగునని 1878లో చార్లెస్ బెన్నెట్ చూపెను. సెకండులో చిన్న వంతు కాలముననే చిత్రము పడుట సాధ్యమయ్యెను. పలకను ముందుగ తయారు చేసికొని పెట్టెలో నుంచుకొని, తీరుబడిగ తరువాత కడుగవచ్చును. గ్రంథముల స్వరూపము కూడ దీనితో మారెను. రసాయనముల పరిమాణములు వెనుకబడి, కాలపరిమాణములు ముందుకు వచ్చినవి. షట్టరు ఎంతసేపు తెరచియుండవలెనను ప్రశ్న ఇప్పుడు పుట్టెను. ఇంగ్లండున ఇల్ఫర్డు సంస్థ 1890లో తొలిసారి వెలువరించిన శిక్షణగ్రంథము తరువాతి తరములలో పలుమార్లు సవరింపబడి, ఇరువదవ శతాబ్దిలో చాలకాలము విద్యార్థుల చేతిపుస్తకమై నిలిచెను.

రాజా దీనదయాళు చిత్రములలోని వేట

హైదరాబాదున ఈ పొడి పలకల యుగమునకు అధిపతి రాజా దీనదయాళు. 1844లో మీరట్ సమీపమున సర్ధానాలో జన్మించి, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు సంస్థానమున ప్రజాపనుల శాఖలో చేరిన ఈయన, 1870 తరువాత ఛాయాచిత్రణమును చేపట్టెను. తరువాత ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున ప్రవేశించి, సికిందరాబాదున చిత్రశాలను నెలకొల్పి, ముసవ్విర్ జంగ్ అను బిరుదమును పొంది, 1905లో మరణించెను. గీత, కొలత, లెక్క నేర్పిన ఇంజనీరింగు విద్య నుండి ఆయన కెమెరా చెంతకు వచ్చెననుట మన చర్చకు ముఖ్యము. ఆనాడు ఛాయాచిత్రశాస్త్రమును గ్రంథముఖమున గ్రహింపగలవారు అట్టి చదువు కలవారే.

దీనదయాళు చిత్రములలో క్రీడకు స్థానము కలదు. కాని ఆ క్రీడ ప్రభువుల క్రీడ. 1902లో వరంగల్లు అడవులలో నెక్కొండకడ వైస్రాయి కర్జన్ ప్రభువు వేటాడిన పులితో భార్యాసమేతుడై నిలిచిన చిత్రము జగద్విదితము. ఆ చిత్రమును చరిత్రకారుడు కొంచెము నిదానించి చూడవలెను. వేట యనగా పరుగు, పొంచుట, దూకుట. చిత్రమున ఉన్నది వేట ముగిసిన తరువాతి నిశ్చలత. పులి నేలపై నున్నది, మనుష్యులు కెమెరావైపు తిరిగియున్నారు. పలకకు వేగము వచ్చినను, క్రీడాచిత్రమన్నచో జయించినవాని ప్రతిష్ఠాచిత్రమే యను భావము పోలేదు. అది దర్బారు చిత్రమునకు అడవిలో వచ్చిన రూపము. ఆటలోని క్షణమునకు విలువ కట్టువాడు ఇంకను పుట్టవలసియుండెను.

దీనదయాళు చిత్రశాలకు సంబంధించిన 2,857 గాజుపలకలు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగ నున్నవి. నూరేండ్లు దాటినను ఆ ప్రభువుల ముఖములు చెక్కుచెదరలేదు. మన పూర్వుల ఆటలను ఊహింపవలసినదేకాని చూడ వీలులేదు. చరిత్రలో సాక్ష్యము నిలిచినవారిదే ఉనికి యగుట ఎంతటి అన్యాయమో దీనివలన తెలియగలదు.

ఫిల్ము యుగము – ఫుట్‌బాల్ జ్ఞాపకము

1925లో జర్మనీలో ఓస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమెరా అంగడికి వచ్చెను. చేతిలో ఇమిడెడు ఆ కెమెరాలో చుట్టబడిన ఫిల్ముపై 36 చిత్రములు వరుసగ తీయవచ్చును. క్రీడాచిత్రణమున నిజమైన మార్పు దీనితోనే వచ్చినది. చిత్రకారుడు ముక్కాలిపీటను విడిచి మైదానపు గీతకడకు నడచెను.

హైదరాబాదున ఈ కాలము ఫుట్‌బాల్ క్రీడకు స్వర్ణయుగము. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగ అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందెను. ఐనను ఆ తరము నేడు మనకు సాధారణముగ కనబడునది వరుసలుగ నిలిచిన జట్టుచిత్రములలోనే. రహీము నేర్పిన బంతి యందింపులు ఎట్టివో పెద్దలు నోట చెప్పగా వినవలసినదే. వేటచిత్రమునందలి నిశ్చలతయే ఇక్కడను మరల గోచరించును.

ఫిల్ము యుగమున నేర్చుకొనుటలోని కష్టమిట్టిది. గ్రంథము ఒక సంఖ్యను చెప్పును: పరుగెత్తువానిని నిలుపుటకు సెకండులో 500వ వంతు చాలును, అని. విద్యార్థి ఆ సంఖ్యను పెట్టి చిత్రము తీయును. ఫిల్ము ముగియవలెను, కడుగవలెను, అచ్చు వేయవలెను. తప్పు బయటపడునప్పటికి వారము గడచును. ఏ చిత్రమునకు ఏ సంఖ్య పెట్టితినో అప్పటికప్పుడు కాగితముపై వ్రాసికొననిచో మరచును. ఒక్కొక్క తప్పునకు వెల కలదు. కావున ఈ విద్య పత్రికాకార్యాలయములందు, చిత్రశాలలందు గురువుచెంత శుశ్రూష చేయువారికే దక్కెను. గ్రంథమాత్రమున నేర్చినవారు అరుదు. గ్రంథము దారి చూపును గాని, నడక నేర్చుటకు కావలసిన తప్పటడుగుల ఖర్చును భరింపలేకుండెను.

డిజిటల్ యుగమున మారినదేమి

ఆ ఖర్చును తొలగించినది డిజిటల్ కెమెరా. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు కాంతిని విద్యుత్తుగ గ్రహించు సూక్ష్మోపకరణమును కల్పించిరి. 1975లో కోడక్ సంస్థలో స్టీవెన్ సాసన్ ఫిల్ము లేని కెమెరాను తయారు చేసెను. 1991లో అదే సంస్థ పత్రికాచిత్రకారుల కొరకు 13 లక్షల బిందువుల చిత్రము తీయు యంత్రమును అమ్మజూపెను. 1999లో నికాన్ డి1 వచ్చుటతో పత్రికలవారు ఫిల్మును విడువసాగిరి. 2007లో వచ్చిన నికాన్ డి3 కెమెరాలో కాంతిగ్రహణ సంఖ్య 6400 వరకు సహజముగనే లభించెను. ఈ తుదియంశము సామాన్యమైనది కాదు. మేడక్రింది దీపకాంతిలో ఆడు క్రీడలకు అది ప్రాణము.

కాని విద్యార్థిదృష్టితో చూచినచో అన్నిటికంటె ముఖ్యమైన మార్పు మరియొకటి. 1995లో జపానున నిర్ణయింపబడిన ఎగ్జిఫ్ అను పద్ధతి ననుసరించి ప్రతి డిజిటల్ చిత్రము తనలో తాను తీయబడిన తేదీ, గడియ, షట్టరు వేగము, కటకద్వారపు సంఖ్య, కాంతిగ్రహణ సంఖ్య మొదలగువానిని దాచుకొనును. విద్యార్థి వ్రాసికొనుట మరచినను చిత్రము మరువదు. గ్రంథమున చెప్పిన సంఖ్యను, తాను పెట్టిన సంఖ్యను, వచ్చిన ఫలితమును ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొను అవకాశము అంతకుముందెన్నడును లేదు. తప్పునకు వెలయు లేదు. గ్రంథమునకును అభ్యాసమునకును మధ్యనున్న అగాధముపై వంతెన పడినది. గురువు దొరకనివాడు గ్రంథమును గురువుగ చేసికొనుట దీనివలననే సాధ్యమైనది. ఏకలవ్యునకు విగ్రహమే కలదు గాని, బాణము తప్పినపుడు కారణము చెప్పునది లేదు. నేటి ఏకలవ్యునకు అదియు లభించెను.

శాస్త్రము మాత్రము మారలేదనుట గమనింపవలెను. బ్రయన్ పీటర్సన్ రచించిన ‘అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్’ అను గ్రంథము 1990లో ఫిల్ము కెమెరాల కొరకు వెలువడినది. 2004లో సవరింపబడి డిజిటల్ కెమెరాల వారికిని అదే పాఠ్యమైనది. ద్వారము, కాలము, గ్రహణశక్తి అను మూటి పొత్తు పలకలనాడును ఉన్నదే, నేడును ఉన్నదే.

గ్రంథము చెప్పునది, చెప్పనిది

శంషాబాదు విమానాశ్రయము తెరువబడిన 2008లోనే గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ బాడ్మింటన్ శిక్షణాలయము వెలసెను. ఆ సంవత్సరము నవంబరులోనే గచ్చిబౌలినుండి శంషాబాదు వరకు బాహ్యవలయ రహదారి తెరువబడెను. మరుసటియేడు ఆగష్టున ప్రపంచ బాడ్మింటన్ పోటీలు గచ్చిబౌలిలో జరిగెను. ఇట్లు ఒక్కసారిగ ఈ ప్రాంతము ప్రపంచక్రీడల ద్వారమైనది. గ్రంథముచేత క్రీడాచిత్రణము నేర్చుకొనువానికి ఇంతకంటె మంచి పరీక్షాస్థలము లేదు. కావున గ్రంథసూత్రమును ఈ నేలమీది ఆటకు అన్వయించి చూతము.

అమలాపురమునకు చెందిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఏప్రిల్ 14న జపానున ఒక పరీక్షలో కొట్టిన షటిల్ గంటకు 565 కిలోమీటర్ల వేగముతో పోయినదని గిన్నిస్ గ్రంథమున నమోదైనది. అనగా సెకండునకు సుమారు 157 మీటర్లు. షట్టరు సెకండులో 1000వ వంతు తెరచియుండినచో అంతలోనే షటిల్ సుమారు 16 సెంటీమీటర్లు జరుగును, అనగా తన పొడవునకు ఇంచుమించు రెట్టింపు. చిత్రమున అది తెల్లని గీతయై కనబడును. 4000వ వంతునకు తగ్గించినచో జరుగుట 4 సెంటీమీటర్లలోపు. కాని కాలము నాలుగవవంతైనచో కాంతియు నాలుగవవంతగును. ఆ లోటును తీర్చుటకు గ్రహణసంఖ్యను 1600 నుండి 6400కు పెంచవలెను. 2007 నాటి యంత్రము ఎందుకు ముఖ్యమో ఇప్పుడు తెలియును. ఆట నడచుచుండగ మెరుపుదీపము వెలిగించుట ఆటగాని కన్నుకు హాని కావున నిషిద్ధము. ఇంతవరకు గ్రంథము చక్కగ నేర్పగలదు. కూడిక, గుణకారము వచ్చిన ప్రతివాడును నేర్వగలడు.

ఇక గ్రంథమునకు అందనిది చూడుడు. కెమెరా సెకండునకు 10 చిత్రములు తీయుననుకొందము. రెండు చిత్రముల మధ్య వ్యవధి సెకండులో 10వ వంతు. బాడ్మింటన్ ఆటస్థలము పొడవు 13.4 మీటర్లు. షటిల్ తన తొలివేగమునే నిలుపుకొన్నచో ఆ వ్యవధిలో ఆటస్థలమును దాటిపోవును. నిజమునకు ఈకలు గాలిని పట్టుటచేత దాని వేగము త్వరగ తగ్గును, పోటీలలోని దెబ్బలును ఇంత వేగమైనవి కావు. ఐనను రాకెట్టు షటిల్‌ను తాకు క్షణము రెండు చిత్రముల నడుమ జారిపోవుటకు ఆ వ్యవధి చాలును. మీట నొక్కిపట్టి యంత్రమును నమ్ముకొన్నవాడు మోసపోవును. దెబ్బ రాకముందే భుజము లేచు తీరును, కాలు వెనుకకు పడు తీరును చూచి ఊహింపవలెను. ఆ ఊహ ఆట తెలిసినవానికే కలుగును. అది పుటలలో లేదు, ఆటస్థలమున నున్నది.

చెడుగుడు విషయమున ఈ సత్యము మరింత స్పష్టమగును. విదేశీయ గ్రంథములలో బేస్‌బాల్, అమెరికా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మొదలగువానిపై అధ్యాయములుండును. ఎక్కడ కూర్చుండవలెను, ఎవరివంక చూడవలెను అనునది చక్కగ చెప్పబడియుండును. చెడుగుడుకు అట్టి మార్గదర్శనము లేదు. ఆటస్థలము 13 మీటర్ల పొడవు, నడుమ గీత. కూతకు పోవువాడు గీత దాటి ఎదిరిపక్షములోనికి పోవును. ఈవలిపక్షపు వెనుకగీతకడ కూర్చుండిన చిత్రకారునకు అపుడు వాని వీపు మాత్రమే కనబడును. కాని ఆటలోని పరాకాష్ఠ పోవునప్పటిది కాదు, తిరిగి వచ్చునప్పటిది. చీలమండ చిక్కి, నడుము చిక్కి, నేలబడి చేయి చాచి గీత నంటబోవు ఆ క్షణమున వాని ముఖము ఈవలివైపే తిరిగియుండును. ఆవలివైపు కూర్చుండినవానికి పట్టినవారి వీపులే దొరకును. కావున కూతగాని స్వపక్షమువైపే కూర్చుండవలెను. ఐతే వాని తోడివారు అడ్డు నిలుతురు కావున సరిగ నడుమ గాక మూలకు జరిగి, నేలకు వంగి, కెమెరాను మోకాలి యెత్తున పట్టవలెను. సంక్రాంతి దినములలో సాయంకాలపు ఎండ వాలుగ పడును, సూర్యుడు తన వెనుక నుండునట్లు మూలను ఎన్నుకొన్నచో ధూళికూడ చిత్రమునకు అందమగును. ఇంతమాత్రము చిన్నతనమున కూతపెట్టి ఆడినవానికి చెప్పనక్కరలేదు. వానికి కావలసినది ద్వారము, కాలము, గ్రహణశక్తి అను మూడు ముక్కలే. గ్రంథము తెలిసినవానికి ఆట తెలియదు. ఆట తెలిసినవానికి గ్రంథము అందదు. మన క్రీడాచరిత్రలోని ఖాళీపుటలకు మూలకారణ మిదియే యని నా అభిప్రాయము.

భాష యడ్డము

గ్రంథమెందుకు అందదు? వెల ఒకటి. కాని ఆబిడ్స్ వీథులలో ఆదివారములందు పాతపుస్తకముల కుప్పలలో విదేశీయ ఛాయాచిత్రణ గ్రంథములు స్వల్పమూల్యమునకే దొరకుట కలదు. మిగిలినది భాష.

శాస్త్రమును తెలుగున చెప్పుటకు మనకు సంప్రదాయము లేకపోలేదు. 1906లో హైదరాబాదుననే కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్ర, శాస్త్రగ్రంథములను తెలుగున వెలువరించిరి. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకై ఏర్పడిన అనువాదశాల ఉర్దూలో ఆధునిక శాస్త్రములన్నిటిని తెచ్చుటకు పూనుకొనెను. 1968లో తెలుగు అకాడమి నెలకొని కళాశాలల పాఠ్యగ్రంథములను తెలుగున సమకూర్చెను. కావున కటకము, నాభి, వక్రీభవనము అను పదములు మన విద్యార్థులకు పరిచితములే. కాని అవి పరీక్షపత్రములో వ్రాయు పదములు. కెమెరా చేతబట్టినవాడు లెన్సు, ఫోకసు, షట్టరు అనును. ఒకే వస్తువునకు బడిలో ఒక పేరు, బజారున ఒక పేరు అయినందున, బడిలో నేర్చిన కటకశాస్త్రము తన చేతిలోని లెన్సునకు సంబంధించినదేయని వానికి తోచదు. ఇది చిన్న విషయముగ కనబడవచ్చును. చేతిపనికిని చదువునకును మధ్య గోడ లేచుట ఇట్టి చోటులందే. జనవ్యవహారమున నున్న అన్యదేశ్యములను తొలగించి కొత్తపదములు కల్పించుటవలన ఆ గోడ కూలదు. లెన్సు అనుచునే అది చదువుకొన్న కటకమే యని చెప్పు సులభగ్రంథము వలన కూలును.

దృశ్యపాఠములు చేతిఫోనులోనే లభించుచుండగ గ్రంథములతో పనియేమి యని కొందరందురు. చేసిచూపు గురువు విలువ కాదనరానిది. కాని చూపబడినది ఒక కెమెరా, ఒక ఆట, ఒక వెలుతురు. వెలుతురు మారినపుడు ఏమి చేయవలెనో తెలియుటకు సూత్రము కావలెను. సూత్రమును క్రమముగ చెప్పి, ఉదాహరించి, మరల చూచుకొనుటకు నిలిపియుంచునది గ్రంథము. పైన చూపిన షటిల్ లెక్క ఒక పుటలో ఇమిడినది. దానిని చదివినవాడు క్రికెట్టు బంతికిని, పరుగుపందెమునకును తానే లెక్క కట్టుకొనగలడు.

ముగింపు

తడి పలకల నాడు గ్రంథము రసాయనజ్ఞుని కోరెను. పొడి పలకల నాడు ప్రభువుల ఆశ్రయమును కోరెను. ఫిల్ము నాడు వెచ్చమును, గురువును కోరెను. డిజిటల్ నాడు అది కోరునది భాషయొక్కటియే. అడ్డములన్నియు ఒకటి తరువాత నొకటి తొలగి, తుదకు మిగిలిన యడ్డము మన చేతిలోనిదే యైనది. దీనిని తొలగించుట విశ్వవిద్యాలయముల తెలుగుశాఖలకు తగని పని కాదు. అది భాషాకార్యము, చరిత్రకార్యము కూడ.

ఇంకొక హెచ్చరిక చేయకతప్పదు. గాజుపలక నూరేండ్లు నిలిచినది. డిజిటల్ చిత్రము ఒక్క మీట నొక్కుటతో నశించును. ఫోను పోయిన, పలుకుబడి లేని యూరి పోటీచిత్రములన్నియు దానితోనే పోవును. ఎగ్జిఫ్ పద్ధతి తేదీని, గడియను దాచును గాని, ఆటగాని పేరును, ఊరిపేరును, గెలిచినదెవరో ఆ మాటను దాచదు. కావున క్రీడాచిత్రణము నేర్పు తెలుగుగ్రంథమున తుది అధ్యాయము చిత్రమును తీయుటను గూర్చి గాక, దానికి పేరు వ్రాయుటను, ప్రతులు తీసి వేర్వేరుచోటుల భద్రపరచుటను గూర్చి యుండవలెను.

శంసుల్ ఉమ్రా ప్రభువు తన కాలమున కాంతిశాస్త్రమును తన వారి భాషలోనికి తెచ్చెను. ఆ బిరుదము పేరిట వెలసిన యూరి పొలిమేరలో, విమానములు తలమీదుగ దిగుచుండగ, సాయంకాలము చెడుగుడు ఆడుచున్న పిల్లల భాషలోనికి అదే శాస్త్రమును తెచ్చుట మిగిలియున్న పని. అది జరిగిననాడు, ఇక నూరేండ్లకు ఈ ప్రాంతచరిత్ర వ్రాయబోవువాడు ఆ పిల్లలను ఊహింపనక్కరలేదు, చూడగలడు.